మంచు ఉన్నన్నాళ్లే ఆట

జాతీయ యువజన ఐస్ హాకీ పోటీలకు మన దేశంలో ముహూర్తం పెట్టేది చలికాలమే. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో చెరువులు డిసెంబరులో గడ్డకడతాయి. ఫిబ్రవరి నాటికి కరగనారంభిస్తాయి. సహజమైన మంచుపైనే ఆధారపడిన లద్దాఖ్ బాలబాలికలకు సాధన చేసే అవకాశం ఏడాదికి సుమారు రెండు నెలలు మాత్రమే.

అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో భారత్ 1989లోనే చేరింది. వసతుల కొరత మాత్రం నేటికీ తీరలేదు. దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం 2011లో డెహ్రాడూన్‌లో నిర్మించిన ఇండోర్ రింకు విద్యుత్తు, నిర్వహణ వ్యయాల భారంతో ఏళ్ల తరబడి మూతపడింది. 2025లో గానీ అది తిరిగి తెరచుకోలేదు. ఆ ఏడాదే గుల్‌మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు తగినంత మంచు కురవక వాయిదా పడ్డాయి. ప్రకృతిని నమ్ముకున్న క్రీడకు ఇది హెచ్చరికే.

ఇన్ని పరిమితుల నడుమ, ప్రధానంగా లద్దాఖ్ క్రీడాకారిణులతో కూడిన భారత మహిళల జట్టు 2025 ఆసియా కప్‌లో కాంస్యం సాధించడం గమనార్హం. ప్రతిభకు కొదవ లేదని దీనితో తేటతెల్లమైంది. విజేతలకు పతకాలు అందించినంత మాత్రాన పాలకుల బాధ్యత తీరదు. మార్చి నుంచి నవంబరు వరకు ఈ పిల్లలు ఎక్కడ సాధన చేయాలి? రింకు నిర్మాణానికి ఒకసారి నిధులిచ్చి ఊరుకోక, ఏటా దానిని నడిపే వ్యయాన్ని కూడా భరించినప్పుడే జాతీయ పోటీలకు సార్థకత.