శుక్రవారపు దీపము - శనివారపు విశ్రాంతి

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో శనివారమనగా ఏడుకొండలవాని వారము. ఏడాది పొడవునను ఆ దినమును ఒంటిపూట భోజనముతో గడుపు గృహిణులు మనలో ననేకులు గలరు. ఇక పెరటాసి నెల వచ్చినచో చెప్పనక్కఱలేదు. ఇల్లు కడిగి, నామము దీర్చి, బియ్యపుపిండియు బెల్లమును గలిపి పిండిదీపము చేసి, నేతివత్తి వెలిగించి, తళిగ వేసి, గోవిందనామము పలికిన పిదపగాని భోజనమునకు గూర్చుండని కుటుంబములు నేటికిని గలవు. ఇట్లు శనివారమును దేవునికి విడిచిపెట్టు జాతి లోకమున మఱియొకటి గలదు. వారు యూదులు. వారి శనివారమెట్టిదో, అందు స్త్రీ చేయు పని యేదో, ఆ యాచారము వారిని దేవునికి ఎట్లు దగ్గఱ చేయునో ఈ మాసము సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

యూదులు ఎక్కడనో దూరదేశములవారు గదా, వారితో మనకేమి ప్రసక్తి యని కొందఱడుగవచ్చును. అంత దూరము పోనక్కఱలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమను గ్రామము గలదు. అచ్చట తెలుగే యింటిభాషగా గల కొన్ని కుటుంబములు తమ్ము ‘బెనె ఎఫ్రాయిము’, అనగా ఎఫ్రాయిము సంతతివారమని చెప్పుకొనుచు యూదధర్మమును పాటించుచున్నవి. వీరు మాదిగ కులమున జన్మించినవారు. క్రైస్తవ సంఘములలో పెరిగి ఈ మార్గమునకు వచ్చినవారు. ఇశ్రాయేలీయులలో పూర్వము చెదరిపోయిన గోత్రములలో నొకటి తమదని వీరి విశ్వాసము. 1991లో వీరు తమ గ్రామమున ఒక సమాజమందిరమును ఏర్పఱచుకొనిరి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరినిగూర్చి వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది. ఇశ్రాయేలు దేశపు మతాధికారులు వీరి వంశవాదమును అంగీకరించి యుండలేదు. వంశమునుగూర్చిన ఆ చర్చ పండితులకు విడిచి, మనము ఇంటిలోని యాచారమును జూతము.

యూదులకు దినము సూర్యాస్తమయముతో ఆరంభమగును. కావున వారి శనివారము మన శుక్రవారపు సంజెవేళనే ప్రవేశించును. మనము గడపకు పసుపు రాచి లక్ష్మీదేవికి దీపము పెట్టు వేళయే వారికిని దీపపువేళ. ఆనాడు ప్రొద్దుననుండి ఇంట సందడిగా నుండును. ఇల్లు తుడుచుట, స్నానములు, మంచి బట్టలు, మఱునాటి వంట, అన్నియు ప్రొద్దు క్రుంకకమునుపే ముగియవలయును. ఏలయన, నిప్పు రగిల్చుట, వండుట, కుట్టుట, వ్రాయుట మొదలుగా 39 విధములైన పనులను వారి ధర్మశాస్త్రజ్ఞులు ఆ దినమున నిషేధించిరి. అందుచేత శుక్రవారమే కుండ నెక్కించి, సన్నని సెగమీద రాత్రియంతయు నుంచి, మఱునాడు వేడివేడిగా భుజించు పద్ధతి పలుదేశముల యూదగృహములలో గలదు.

సూర్యుడస్తమించుటకు సుమారు 18 నిమిషములు ముందుగా ఇల్లాలు దీపములు వెలిగించును. రెండింటికి తక్కువ గాకుండ వెలిగించుట వాడుక. సామాన్యముగా వారి మతమున స్తోత్రము ముందు, క్రియ పిదప. ఇచ్చట మాత్రము పలువురు స్త్రీలు ఈ వరుసను మార్చుదురు. స్తోత్రము పలికిన తోడనే విశ్రాంతిదినము ప్రవేశించినట్లు. ప్రవేశించిన పిదప నిప్పు ముట్టరాదు. కావున ముందు దీపము వెలిగించి, అరచేతులతో కన్నులు మూసికొని, స్తోత్రము చెప్పి, పిమ్మట కన్నులు తెఱచి ఆ వెలుగును అప్పుడే తొలిసారి చూచినట్లు చూతురు. కన్నులు మూసియున్న ఆ కొలది క్షణములలో బిడ్డలకొఱకు, రోగులకొఱకు, తన మనసులోని దిగులుకొఱకు ఆమె తనకు వచ్చిన మాటలతో దేవుని వేడుకొనును. నడుమ పురోహితుడు లేడు. వారమంతయు పొగలోను పనిలోను నలిగిన చేతులే ఆ దినమునకు ద్వారము తెఱచును. చీకటిలో ఎవరును తడబడకుండుటకు, ఇంటిల్లిపాదియు ఒక వెలుగున గూర్చుండి భుజించుటకు, గృహశాంతి నిలుచుటకు ఈ దీపము ఏర్పడినదని వారి పెద్దలు చెప్పుదురు.

ఆ మతమున ముఖ్యముగా స్త్రీకి జెందిన విధులు మూడని లెక్కింతురు. దీపము వెలిగించుట ఒకటి. రొట్టెకై పిండి పిసికినప్పుడు ఒక ముద్దను దేవునిపేర వేఱుచేయుట రెండవది. నెలసరి స్నానమునకు సంబంధించిన నియమము మూడవది. మనము వండిన అన్నమును ముందుగా దేవునికి చూపి, పిదప వడ్డించుకొనుట లేదా? పిండిముద్దను వేఱుచేయుటలోని భావమును మన సోదరీమణులు తేలికగా గ్రహింపగలరు.

ఇట్టి చిన్న పనులవలన దేవుడు దగ్గఱగునా యను ప్రశ్న సహజము. హెబ్రీ భాషలో బలికి ‘కోర్బాన్’ అని పేరు. ఆ మాట పుట్టిన ధాతువునకు ‘దగ్గఱగుట’ యని యర్థము. క్రీ. శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును ధ్వంసము చేసిరి. బలిపీఠము పోయినది, బలులు నిలిచిపోయినవి. దగ్గఱగు మార్గమే తెగిపోయినదని ఆ జాతి కూలబడి యుండవచ్చును. కాని ఇంటిలోని భోజనపు బల్లయే ఇక బలిపీఠమునకు మాఱుగా నిలుచునని వారి పండితులు బోధించిరి. పూర్వము బలులకు ఉప్పు చేర్చెడివారు. ఆ జ్ఞాపకముగా నేటికిని రొట్టె విఱిచి ఉప్పు అద్దుకొని తినుదురు. గుడి కూలిన పిదప దేవుని సన్నిధిని ఇండ్లలో నిలిపినవారిలో ఇల్లాండ్రకు గల భాగము తక్కువది కాదు.

ఆచారమునకు గల ఈ బలమును మన దేశముననే చూడవచ్చును. కొంకణ తీరమున ‘బెనె ఇశ్రాయేలు’ అను యూదులు తరతరములుగా గానుగలాడించి నూనె తీసి జీవించిరి. కాలక్రమమున వారు హెబ్రీ భాషను మఱచిరి, గ్రంథములును లేకపోయెను. మరాఠీయే వారి భాషయైనది. అయినను శనివారమున గానుగ కట్టెడివారు కారు. ఇరుగుపొరుగువారు వారిని ‘శనివార్ తేలీ’లని, అనగా శనివారము పని మానెడి నూనెవారని పిలిచిరి. తరువాతికాలమున కొచ్చినుండి వచ్చిన యూదులు వారికి మరల శాస్త్రము నేర్పిరి. శాస్త్రము మఱచినవారిని శాస్త్రము చేరువఱకు కాచినది ఆ మానిన పనియే గదా!

పని మానుట సులభమని తలపరాదు. కొత్తరెడ్డిపాలెపు కుటుంబములలో పలువురు వ్యవసాయపు కూలివలన జీవించువారు. కూలికి పోనినాడు కూలి లేదు. నాట్లవేళనో కోతలవేళనో శనివారము వచ్చినచో, ఊరంతయు పొలమునకు నడచుచుండగా ఇంట నిలుచుటకు ఎంత నిబ్బరము వలయును! అందఱకును అన్ని శనివారములును విడుచుట సాధ్యపడదు. కలిగినవారికి విశ్రాంతి సుఖము. లేనివారికి అది ఒకనాటి గంజిని దేవుని ముందఱ పెట్టుట. ఇచ్చుటకు ఏమియు లేనివారు కాలమునే నైవేద్యముగా నిచ్చుచున్నారు. ఆచారమనగా కేవలము అలవాటని చులకనగా మాటలాడు విద్యావంతులు ఈ సంగతిని ఆలోచింతురుగాక.

ఆచారము వట్టి తంతుగా మారు ప్రమాదమును వారి ప్రవక్తలే ముందుగా చెప్పిరి. ఉపవాసము చేయుచు, ఆ దినముననే పనివారిని పీడించువారి ఉపవాసము దేవునికి ఇష్టము కాదనియు, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటయే నిజమైన ఉపవాసమనియు యెషయా ప్రవక్త హెచ్చరించెను. యూదులు సంవత్సరమున కెల్ల గొప్ప ఉపవాసదినమగు ప్రాయశ్చిత్త దినమున ఆ యధ్యాయమునే మందిరములో చదువుకొందురు. ప్రాణాపాయము వచ్చినచో శనివారపు నియమములు అడ్డురావు. జబ్బుపడిన బిడ్డ ప్రాణము నిలుపుటకు నిప్పు రాజేయుట వారికి దోషము కాదు, రాజేయకుండుటయే దోషము.

అన్నిటికంటె మాకు గొప్పదిగా దోచిన విషయ మొకటి గలదు. ఆ విశ్రాంతి ఇంటి యజమానికి మాత్రమే కాదు. కొడుకునకు, కూతునకు, దాసునకు, దాసికి, పశువునకు, ఇంట నున్న పరదేశికిని అది చెల్లవలెనని మోషే ధర్మశాస్త్రము. మీరును ఒకప్పుడు ఐగుప్తులో బానిసలై యుంటిరి గాన మఱవకుడని ద్వితీయోపదేశకాండము దీనికి కారణము చెప్పుచున్నది. తాను పడిన కష్టమును తలచుకొని ఎదుటివారికి ఒకదినము విశ్రాంతి నొసగుట వారికి దేవుని ఆజ్ఞ.

ఇప్పుడు మన యింటి శనివారమును ఒకసారి తలచుకొందము. పూజ యెవరిదైనను పని యెవరిది? తెల్లవారుజామున లేచి కడిగినది మొదలు, పులిహోర, వడలు, పొంగలి వండి వడ్డించి, రాత్రి అంట్లు తోమువఱకు ఇల్లాలు నడుము వాల్చునా? దీపము ముందఱ ఒక్క నిమిషము నిలుచుటకైన ఆమెకు తీరిక చిక్కునా? గోవిందా యని ఇంటిల్లిపాదియు పలుకుచుండగా ఆమె చెవి పొయ్యిమీది పాలపై నుండును. ఇక అంట్లు తోముటకు వచ్చు పనిమనిషికి పండుగనాడు ఇంకను రెండింతల పని. భక్తి హెచ్చినకొలది ఆమె వీపు వంగుచున్నది.

స్త్రీ తెచ్చిన చిన్న యాచారమును దేవుడు త్రోసివేయడనుటకు మన సీమయే సాక్ష్యము. 2022వఱకు చిత్తూరు జిల్లాలో చేరియుండిన తరిగొండ గ్రామమున బుట్టిన వెంగమాంబ బాలవితంతువు. లోకము విధించిన కట్టుబాట్లను కాదని, శ్రీనివాసునే భర్తగా భావించి, తిరుమల చేరి, గ్రంథములు రచించి, 1817లో అచ్చటనే దేహము చాలించినది. రాత్రి ఏకాంతసేవలో ఆమె పేర ముత్యాలహారతి నేటికిని జరుగుచున్నది. తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి యని భక్తులు చెప్పుకొందురు. దినమంతయు సాగిన మహోత్సవముల పిదప స్వామి విశ్రాంతికి వెళ్లు వేళ, ఒక స్త్రీ పేర ఎత్తిన వెలుగు ఆయన ముందఱ నుండుట చిన్న సంగతియా?

పరుల మతమును అనుకరింపుడని మేము చెప్పుటలేదు. మన నామము, మన పిండిదీపము మనకు చాలును. వారినుండి గ్రహింపదగినది ఒక్క క్రమము. శనివారపు పనిలో సగమును శుక్రవారమే ముగింపుడు. పిండి విసరుట, కూరలు తరుగుట, పాత్రలు సర్దుట ముందునాడే కావచ్చును. వంటకములు నాలుగుండినచో రెండు చాలును. స్వామికి లెక్క యక్కఱలేదు. ఆకులు వేయుట, నీళ్లు తెచ్చుట మగపిల్లలకు నేర్పుడు. కూలి తగ్గింపకుండ పనిమనిషికి ఆ పూట సెలవిండు. ఆమె యింటను ఒక దేవుడు, ఒక దీపము, ఎదురుచూచు బిడ్డలు గలరు. దీపము వెలిగించిన పిదప వెంటనే వంటింటికి పరుగెత్తక, అచ్చటనే కన్నులు మూసికొని కొంచెముసేపు కూర్చుండుడు. ఏమి కోరవలెనో తోచకున్నను సరే, కూర్చుండుడు.

యూదగృహములలో శనివారము రాత్రి ఆకసమున మూడు నక్షత్రములు కనబడిన పిదప విశ్రాంతి ముగియును. వీడ్కోలుగా సుగంధద్రవ్యములను అందఱు మూర్కొని, మరల పనులలో బ్రవేశింతురు. ఆ పరిమళము వచ్చు వారమున కొంతదూరము తోడువచ్చునని వారి నమ్మకము. మన యింటను శనివారము గడచిన పిదప ఇల్లాలి మొగమున అలసట గాక అట్టి పరిమళము నిలిచిన, స్వామి ఆ యింటికి వచ్చిపోయినట్లే. మన సోదరీమణుల శనివారము లన్నియు అట్లే యగుగాక!