పాత ఇంటికి కోట గుమ్మం తగిలించే పని

"ఓనర్ డబ్బు, ఓనర్ ఇష్టం, మనకేం పోయింది?" పాత ఆష్‌బర్న్‌లో చెక్క ఇంటి పోర్చ్ పీకే పని మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ళే అంటున్న మాట ఇది. మనకేం పోతుందో చెప్దామనే ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది, లంచ్‌లో చదువుకోండి.

ఆష్‌బర్న్ అంటే మనకు డేటా సెంటర్లు, టౌన్‌హౌస్‌లు. కానీ ఆష్‌బర్న్ రోడ్డును డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ దాటే చోట పాత ఊరు ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఒకప్పుడు దాని పేరు ఫార్మ్‌వెల్. మన పిల్లలు పోయే ఫార్మ్‌వెల్ స్టేషన్ మిడిల్ స్కూలు పేరు అక్కడిదే. ఇప్పుడు సైకిళ్ళు తిరిగే ఆ ట్రెయిల్ మీద 1968 దాకా రైలు నడిచింది. ఆ రైలు కాలం ఇళ్ళకు ముందు చెక్క పోర్చ్ ఉంటుంది. ఏసీలు లేని రోజుల్లో ఎండాకాలం సాయంత్రం కూర్చోవడానికి కట్టుకున్నారు. మన ఊళ్ళో అరుగు ఎందుకో, అదీ అందుకే.

ఇప్పుడు ఆ ఇంటికి ఏం చేస్తున్నారంటే, పోర్చ్ మొత్తం పీకి రెండంతస్తుల ఎత్తు తెల్ల స్తంభాలు, కింద అతికించే రాయి, వినైల్ కటకటాలు. "గ్రాండ్ లుక్" అంట. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. మన తెలుగు ఓనర్లు కూడా తక్కువ తినలేదు, హైదరాబాద్ విల్లాల్లో చూసిన స్తంభాలు ఇక్కడా కావాలంటారు. వాళ్ళను అనేం లాభం, ఫోన్లో ఫోటో చూపించి అమ్మేవాడు ఉన్నాడు కాబట్టి కొంటున్నారు. మా కోపం ఆ అమ్మేవాడి మీద, నోరు మూసుకుని బిగించే మన మీద.

పాత మేస్త్రి తెలివి చూడండి. ఫ్లోరు చెక్కలు గోడ నుంచి బయటికి పరిచాడు, అడుక్కి పావు అంగుళం వాటం ఇచ్చాడు, నీళ్ళు చెక్క పొడుగునా జారిపోతాయి. పైన దూలం ముఖం, స్తంభం మెడ ఒకే గీతలో పెట్టాడు. ఆ గీత తప్పితే స్తంభం ఎంత లావైనా ఇల్లు దొంగ ఇల్లులా కనిపిస్తుంది. చూసేవాళ్ళకు కారణం తెలీదు, ఏదో బాగాలేదని మాత్రం తెలుస్తుంది. మరి ప్యాకేజీ వాడు? కుళ్ళిన చెక్క స్తంభానికి ప్లాస్టిక్ తొడుగు వేసి సీలెంట్ కొడతాడు. లోపల చెమ్మ పోయే దారి లేదు. పైకి తెల్లగా మెరుస్తుంది, లోపల పిండి అవుతుంది. దాని కింద నిలబడేది ఎవరు, రేపు విప్పేది ఎవరు? మనమే.

ఇక డబ్బు సంగతి. ప్యాకేజీ పనిలో బిల్లు అంతా సామానుకే పోతుంది, మన గంటలు తక్కువ. రిపేరు పనిలో సామాను కొంచెం, చేతి పని ఎక్కువ. కప్పుకు కింద జాకీలు పెట్టి మోయించి, స్తంభం అడుగున కుళ్ళినంత కోసి, కొత్త చెక్క అతుకు వేసి, కింద గాలి ఆడేట్టు దిమ్మె పెట్టడం రెండు రోజుల్లో నేర్చుకునే పని కాదు. నేర్చుకున్నోడికి గంటకు ఎక్కువ అడిగే నోరు వస్తుంది. స్క్రూలు బిగించేవాణ్ణి ఎప్పుడైనా మార్చేస్తారు. "మనకేం పోయింది" అన్నవాళ్ళు ఈ లెక్క వెయ్యండి.

"కోడ్ ఒప్పుకోదు, అందుకే పీకాలి" అని కూడా చెప్తారు. సగం అబద్ధం. ఫ్లోరు నేల నుంచి 30 అంగుళాలకు మించి ఎత్తుంటేనే 36 అంగుళాల కటకటాలు తప్పనిసరి, సందులో 4 అంగుళాల బంతి పట్టకూడదు. అంతకంటే తక్కువ ఎత్తు పోర్చ్‌కు పాతకాలపు పొట్టి కటకటాలే పెట్టుకోవచ్చు. ఎత్తు ఎక్కువైతే పాతవాటిని ఉంచి పైన సన్నటి బద్ద ఒకటి వేయడానికి ఇన్‌స్పెక్టర్‌ను ముందే అడగండి. నేషనల్ పార్క్ సర్వీస్ చెక్క పోర్చ్‌ల మీద 45వ నంబరు పుస్తకం ఒకటి వేసింది, నెట్‌లో ఉచితంగా ఉంది, బొమ్మలు చూసినా సగం అర్థమవుతుంది. పక్కన లీస్‌బర్గ్ పాత ఊళ్ళో అయితే ముందు భాగం మార్చడానికి బోర్డు అనుమతి కావాలి. మన పాత ఆష్‌బర్న్‌కు ఆ కాపలా లేదు, అందుకే ఇక్కడ చేతికొచ్చినట్టు పీకుతున్నారు.

అన్నిటికంటే ముఖ్యం ఇది. 1978 కంటే ముందు ఇంటి పెయింటులో సీసం ఉండొచ్చు. కాంట్రాక్టరుకు లెడ్ సర్టిఫికెట్ ఉండాలని 2010 నుంచి ఫెడరల్ రూలు. అయినా కొత్తగా వచ్చిన కుర్రాడి చేతికి గ్రైండర్ ఇచ్చి గీకమంటారు. దుమ్ము పట్టే వాక్యూమ్ లేకుండా మిషన్‌తో గీకడం, మంటతో కాల్చడం రెండూ నిషేధం. ఆ దుమ్ము బట్టల మీద ఇంటికొచ్చి పాకే పిల్లల నోట్లోకి పోతుంది. తడిపి గీకండి, కింద ప్లాస్టిక్ పరవండి, పని బట్టలు విడిగా ఉతకండి. సర్టిఫికెట్ చూపించని కాంట్రాక్టరు దగ్గర గ్రైండర్ ముట్టకండి. ఆ ఒక్క రోజు కూలి పోయినా పోనీ.

కొత్త పోర్చ్ కట్టాల్సిందే అయితే, పీకేముందు గోడను చూడండి. గోడకు ఆనుకుని ఉండే సగం స్తంభం దగ్గర, పెయింటు పొరల కింద, పాత కటకటాలు ఎంత ఎత్తులో ఆనాయో, బ్రాకెట్ వంపు ఎలా ఉండేదో నీడలాగా అచ్చు పడి ఉంటుంది. టేపు పెట్టి కొలిచి, ఫోటో తీసి, ఓనరుకు చూపించండి. "మీ ఇంటికి ముందు ఇలా ఉండేది సార్" అని వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పండి. చాలామంది ఓనర్లకు ఆ సంగతే తెలీదు, వాళ్ళకు ఎవరూ చూపించలేదు. అతుకు వేసే పద్ధతి తెలియనివాళ్ళు కింద అడగండి, మా సైట్‌లో ఉన్న ముగ్గురం వంతులేసుకుని జవాబిస్తాం.