బస్సు దిగిన చోటే బజారు

కాటారం చౌరస్తాలో బస్సు దిగే ఆడవాళ్ళను ఎప్పుడైనా నిలబడి గమనించారా? మొన్నామధ్య బస్సు కోసం ఎదురుచూస్తూ నేను గంటసేపు అదే పని చేశాను. ఒకామె మందుల షాపుకు, ఒకామె జాకెట్టు కుట్టించుకోవడానికి, ఇంకొకామె చంకలో పిల్లాడితో డాక్టరు దగ్గరికి. ఎవరూ ఎక్కువ దూరం పోలేదు. పని చూసుకుని, నాలుగు కూరగాయలు సంచిలో వేసుకుని మళ్ళీ చౌరస్తాకే వచ్చారు.

మాకు రైలు లేదు. భూపాలపల్లి రోడ్డు, మంథని రోడ్డు, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం పోయే రోడ్డు... ఇవి కలిసే చోటు మాది. గోదావరి మీద వంతెన పడ్డాక అవతల మహారాష్ట్రలోని సిరోంచకూ ఇదే దారి. బస్సులు ఆగుతాయి కనుక మనుషులు దిగారు, మనుషులు దిగారు కనుక హోటలు వచ్చింది, బట్టల కొట్టు వచ్చింది, మిషను కుట్టే అక్క వచ్చింది.

పట్నాల్లో దీనికి పెద్ద పేరుంది. ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్! బస్సో రైలో ఆగే చోటు చుట్టూ ఇళ్ళు, కొట్లు, ఆఫీసులు దగ్గర దగ్గరగా కట్టుకోవడమన్న మాట. పీటర్ కాల్తార్ప్ అనే అమెరికా ఆర్కిటెక్టు 1993లో రాసిన పుస్తకంతో ఈ మాట బాగా వ్యాప్తిలోకి వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వమూ 2017లో దీని మీద ఒక విధానం ప్రకటించింది. స్టేషను నుంచి 500 నుంచి 800 మీటర్ల లోపల ఇదంతా ఉండాలని అందులో ఉంది. అంటే పదినిమిషాల నడక. చంకలో పిల్ల, చేతిలో సంచి ఉన్న మనిషి నడక అయితే ఇంకా ఎక్కువే పడుతుందనుకోండి!

పడిపోయిన బజారు దీనితో లేస్తుందా అంటే, లేచిన చోటు ఉంది. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళి వర్జీనియాలో ఉండి వచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అక్కడ వాషింగ్టన్ పక్కనే ఆర్లింగ్టన్ అనే ఊరు. ఊరి బయట పెద్ద పెద్ద మాల్స్ వచ్చేసరికి పాత బజారు వీధి వెలవెలబోయింది. మెట్రో రైలు వేసేటప్పుడు దాన్ని హైవే మధ్య నుంచి తీసుకుపోతే ఖర్చు తక్కువన్నారు. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు. ఖర్చయినా సరే, మా పాత బజారు కిందనే పోవాలని పట్టుబట్టారు. 1979 కల్లా స్టేషన్లు తెరిచారు. స్టేషను పక్కన ఎత్తయిన భవనాలు, దూరం పోయేకొద్దీ మామూలు ఇళ్ళు. క్రమంగా ఆ వీధి మళ్ళీ కళకళలాడింది. ఇదంతా రైలు గొప్పతనం కాదు. రైలు ఎక్కడ ఆగాలో ఊరివాళ్ళు అడిగి సాధించుకున్నారు.

హైదరాబాద్ సంగతి వేరు. 2017 నవంబరులో మెట్రో మొదలైంది. కట్టిన కంపెనీకి స్టేషన్ల దగ్గర, డిపోల దగ్గర కలిపి 269 ఎకరాల్లో భవనాలు కట్టుకునే హక్కు ఇచ్చారు. టిక్కెట్ల మీద సగం, అద్దెల మీద దాదాపు మరో సగం రాబడి వస్తుందని లెక్క వేశారు. పంజగుట్టలో, హైటెక్ సిటీలో మాల్స్ లేచాయి. కానీ పాత నగరం? 2020 ఫిబ్రవరిలో తెరిచిన జూబ్లీ బస్టాండు దారి ఎం.జి.బి.ఎస్. దగ్గరే ఆగిపోయింది. అదే దారిలో ఉన్న సుల్తాన్ బజారు వ్యాపారులు మా కొట్లు పోతాయని ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. గాజులు, చీరలు, ఫాల్స్ కొనుక్కునే మనల్ని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. స్టేషను పక్కన మాల్ లేస్తే బజారు బాగుపడినట్టేనా? గంపలో పండ్లు అమ్మే ఆమె ఆ మాల్‌లో అద్దె కట్టగలదా? నాకైతే నమ్మకం లేదు.

ఇక మన సంగతికి వద్దాం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టిక్కెట్టు లేదు. బస్సులు ఎలా కిటకిటలాడుతున్నాయో మీకే తెలుసు! కానీ ఆఫీసులు? 2016లో కొత్త జిల్లాలు వచ్చాక కట్టిన కలెక్టరేట్లు చాలాచోట్ల ఊరి బయటే ఉన్నాయి. ఖాళీ జాగా అక్కడే దొరికిందంటారు. మా పక్కింటి వదినె ఒక కాగితం కోసం ఒక జిల్లా కేంద్రానికి పోయి వచ్చి, ‘బస్సుకు రూపాయి కాలే, ఆటోకు మాత్రం రానూ పోనూ అరవై అయినై’ అంది. కాగితం ఆరోజు ఇవ్వలేదు కూడాను. ప్రభుత్వం బస్సులో మిగిల్చిన డబ్బు బస్టాండు గేటు దాటగానే ఖర్చయిపోతోంది.

ఇప్పుడు ఈ ప్రాంతానికి కొత్త దారులు వస్తున్నాయి. నాగపూర్–విజయవాడ కొత్త రహదారి మంథని, పరకాల వైపుల నుంచి వరంగల్ పోతుంది. రామగుండం–మణుగూరు రైలు మాట కూడా ఏళ్ళుగా వింటున్నాం. మా చౌరస్తా మాటేమిటి? ఇసుక లారీలు ఊరి బయట నుంచి పోతే నేనే కొబ్బరికాయ కొడతాను. పిల్లల చేయి పట్టుకుని రోడ్డు దాటే తల్లులకు ఆ గుండెదడ తప్పుతుంది. అయితే రేపు బైపాస్ వేస్తే లారీలతోపాటు బస్సులూ అటే పోతాయేమో! లారీ పోతే బజారుకు నష్టం లేదు. బస్సు పోతే ఈ మిషను అక్క, ఈ టిఫిను బండి ఎవరి కోసం?

బస్సు ఆగేచోట నీడ, దీపం, శుభ్రమైన మరుగుదొడ్డి, పాలిచ్చుకోవడానికి ఒక గది కావాలి. అవి ఉంటే మరో అరగంట ఆగి నాలుగు వస్తువులు కొనుక్కుంటాం. లేకపోతే వచ్చిన బస్సు ఎక్కి వెళ్ళిపోతాం. ఆ కొట్ల అద్దెలు వేలంపాటలో పెడితే చిన్నవాళ్ళకు దొరకవు. 2024 నుంచి మహిళా సంఘాలకు క్యాంటీన్లు ఇస్తున్నారు కదా, అలాగే బస్టాపు పక్క కొట్లలో కొన్ని వాళ్ళకు కేటాయించవచ్చు.

ఇదంతా చౌరస్తాలో మక్క కంకులు కాల్చి అమ్మే ఒక అవ్వతో అన్నాను. ‘బస్సు ఎటు పోతే నేను అటే పోత బిడ్డా. కానీ ఎటు పోతదో ముందుగాల చెప్పాలె గదా’ అంది. వచ్చే గ్రామసభలో అడుగుదామని మా సంఘంలో అనుకున్నాం, నువ్వూ రా అన్నాను.

‘బేరం టైముల పెట్టకుంటే వస్త’ అని కంకి తిప్పింది.