శిరోధార్యం

'శిరోధార్యం' అనే మాట తెలుగువారికి చిరపరిచితం. పెద్దల ఆజ్ఞను, గురువుల ఉపదేశాన్ని శిరోధార్యంగా భావించడం సంప్రదాయం. తలపై ధరింపదగినది అని ఆ పదానికి అర్థం. శిరస్సును ఉత్తమాంగంగా పరిగణించిన జాతికి తలపై ఏది ధరించాలన్నది చిన్న విషయం కాదు. కిరీటమైనా, తలపాగా అయినా ధరించినవారి గౌరవానికి చిహ్నమైంది. అటువంటి శిరస్సుపై పరాయివారు వాడి విడిచిన టోపీని పెట్టుకోవడం సమంజసమా? ఐరోపా, అమెరికా దేశాలలో పాత టోపీలను సేకరించి, బాగుచేసి ధరించడం కొందరికి ప్రీతిపాత్రమైన అభిరుచి. ఆ అభిరుచిని పరిశీలిస్తే ఈ ప్రశ్నకు సమాధానం లభిస్తుంది.

ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో ఆ దేశాల నగరవీధులలో టోపీ లేని పురుషుడు అరుదుగా కనిపించేవాడు. లండన్‌లో 1676లో మొదలైన లాక్ సంస్థ, ఇటలీలోని అలెస్సాండ్రియాలో 1857లో వెలసిన బోర్సలీనో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1865లో ఆరంభమైన స్టెట్సన్ టోపీల తయారీలో గొప్ప పేరు గడించాయి. 'ఫెడోరా' అనే టోపీకి ఆ పేరు 1882లో పారిస్‌లో ప్రదర్శించిన ఒక నాటకంలోని నాయిక పేరునుండి వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత కార్ల ప్రయాణాలు పెరిగాయి. కేశాలంకరణ పద్ధతులు మారాయి. టోపీ అవసరం తగ్గింది. తండ్రులు తలపై ధరించిన టోపీలు తనయుల కాలానికి అటకలెక్కాయి. అక్కడినుండి అవి పాతవస్తువుల అంగళ్లకు చేరుకున్నాయి.

ఆ అంగడిలో దుమ్ముకొట్టుకొని, అంచులు వంకరపోయి, సొట్టలు పడిన టోపీ చూడగానే పనికిరాని వస్తువులా తోస్తుంది. అభిరుచి గలవారి కన్ను మాత్రం దాని లోపలికి పోతుంది. నుదుటికి తగిలేచోట కుట్టిన తోలుపట్టీని మెల్లగా మడిచి చూస్తే, ఒక్కొక్కప్పుడు కొలతచీటీయో, యజమాని పేరులోని పొడి అక్షరాలో కనిపిస్తాయి. ఆ టోపీ ఏనాడో ఒకరి సొంతమని అవి చెప్పకనే చెబుతాయి.

బాగుచేసే పని ఓర్పుతో కూడినది. ముందుగా మెత్తని కుచ్చుతో, నూగు వాలిన దిశలోనే దుమ్ము దులపాలి. ఎదురుదిశలో రుద్దితే నూగు చెదురుతుంది. తరువాత మరుగుతున్న నీటి ఆవిరిని కొంత దూరంనుండి తగలనివ్వాలి. ఆవిరికి బట్ట మెత్తబడుతుంది. అప్పుడు వేళ్లతోనో, కొయ్య అచ్చుతోనో పూర్వపు రూపం తేవాలి. తోలుపట్టీకి వేడి తగిలితే అది ముడుచుకుపోతుంది కనుక ముందే దానిని వెలుపలికి తిప్పి ఉంచాలి. చినిగిన రిబ్బను తీసి, దానికి సరిపోయేదానిని చేతితో కుట్టాలి. పని ముగిశాక టోపీని అంచుపై నిలపక, తలకిందులుగా ఉంచాలి. లేకుంటే అంచు ఆకారం చెడుతుంది. ఈ పనిలో తొందర పనికిరాదు. చేతి నైపుణ్యంతోపాటు మనస్సుకు నిలకడనూ నేర్పే విద్య ఇది.

అయితే ఈ అభిరుచి విలువ నైపుణ్యంతోనే ముగిసిపోదు. టోపీ పుట్టుక వెనుక దాగిన చరిత్రను తెలుసుకున్నప్పుడే దాని అసలు విలువ బోధపడుతుంది. మేలైన టోపీలకు వాడే ఫెల్ట్ నేసిన వస్త్రం కాదు. కుందేలు, బీవర్ వంటి జంతువుల సన్నని రోమాలను ఆవిరితో, వేడినీటితో, ఒత్తిడితో పెనవేసి తయారుచేసే దళసరి బట్ట. నదులకు అడ్డుకట్టలు కట్టి జీవించే బీవర్లను ఈ రోమాల కొరకు శతాబ్దాలపాటు వేటాడారు. ఐరోపాలో వాటి సంఖ్య క్షీణించగా వేటగాళ్ల చూపు ఉత్తర అమెరికాపై పడింది. స్త్రీల టోపీల అలంకరణ కొరకు తెల్లకొంగలను గూళ్లవద్దనే చంపడం వల్ల ఆకలితో మాడిన పిల్లకొంగలకు లెక్కలేదు. ఈ దారుణానికి వ్యతిరేకంగా 1889లో ఇంగ్లండులో, 1896లో అమెరికాలోని బోస్టన్‌లో స్త్రీలే ముందుకు వచ్చి పక్షిరక్షణ సంఘాలను స్థాపించారు.

మూగప్రాణులతోపాటు మనుషులూ మూల్యం చెల్లించారు. రోమాలు చక్కగా పెనవేసుకోవడానికి కార్మికులు పాదరసం కలిసిన ద్రావణాన్ని వాడేవారు. ఆ విషం వారి నరాలను దెబ్బతీసేది. చేతులు వణికేవి, మాట తడబడేది. టోపీల నగరంగా పేరొందిన అమెరికాలోని డాన్‌బరీలో ఆ వ్యాధిని 'డాన్‌బరీ వణుకు' అనే పిలిచారు. అమెరికాలో ఈ పనికి పాదరసం వాడకం 1941లో గాని ఆగలేదు.

ఇంత మూల్యంతో తయారైన వస్తువును, వాడుక తీరిందని చెత్తకుప్పలో పారవేయడం న్యాయమా? ఆ ప్రాణులు తిరిగిరావు. ఆ కార్మికుల చేతుల వణుకు మానలేదు. కనీసం వారి శ్రమ ఫలితాన్ని మన్నికగా వాడుకోవడం తరువాతి తరాలవారి బాధ్యత. ఒక పాత టోపీని బాగుచేసుకున్న వ్యక్తి కొత్తదాని కొరకు మరొక ప్రాణిని బలికోరడు.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. ఒకరు విడిచినదాన్ని మరొకరు ధరించడం అశుచి అని కొందరి అభిప్రాయం. శుభ్రత విషయంలో జాగ్రత్త అవసరమే. పాదరసం వాడిన కాలంనాటి ఫెల్ట్‌లో ఆ విషం నేటికీ మిగిలి ఉండవచ్చు. అటువంటి టోపీని ఆవిరికి చూపక, తలపై ధరింపక, భద్రపరచడమే వివేకం. కాని ఆ శంక లేని టోపీని శుభ్రపరచి ధరించడంలో నామోషీ ఎందుకు? హైదరాబాదులోని ఆబిడ్స్‌లో ఆదివారంనాడు, విజయవాడలోని లెనిన్ సెంటర్‌లో పాతపుస్తకాలు కొనే విద్యార్థి ఎవరో చదివి విడిచారని సంకోచించడు. అపరిచితుని సంతకం ఉన్న పుస్తకంనుండి గ్రహించిన విద్య తనదే అవుతుంది. పుస్తకానికి లేని మైల టోపీకి మాత్రం ఎక్కడిది?

ఇదంతా గతకాలపు వేషధారణ అని మరికొందరంటారు. ఈ మాటలో కొంత నిజముంది. అద్దంముందు మురిసిపోవడానికే అయితే అది వేషమే. అవసరానికి మించి పదులకొద్దీ టోపీలు కొని, బీరువాలో పేర్చి, సంఖ్య చెప్పుకొని గర్వించేవారు పొదుపు పేరిట దురాశను పెంచుకుంటున్నవారే. గతాన్ని గౌరవించడమంటే గతంలోని తప్పును కప్పిపుచ్చడమూ కాదు. కొంగ ఈకలున్న టోపీ చేతికి వస్తే, ఆ ఈకలను తొలగించి సాధారణమైన రిబ్బను కుట్టుకోవడం ఉచితం. ఆ ఈకలను తలపై ధరిస్తే చూసేవారిలో వాటిపై మోజు మళ్లీ మేల్కొనవచ్చు.

కొత్తదనమే గొప్పతనమని నమ్మే కాలమిది. చిరుగును కుట్టడం లేమికి గుర్తుగా, పారవేయడం కలిమికి గుర్తుగా చెలామణి అవుతున్నాయి. వస్తువును పారవేయడానికి డబ్బుంటే చాలు. దానిని బాగుచేసుకోవడానికి ఓర్పు, నేర్పు, కృతజ్ఞత కావాలి. ఈ మూడూ గలవారి తలపై ఉన్న పాత టోపీ ఎవరో విడిచిన వస్తువు కాదు. ముక్కూ ముఖం తెలియని శ్రామికుల పనితనానికి, పేరులేని ప్రాణుల త్యాగానికి అది చెల్లించే వందనం. అందుకే అది నిజమైన అర్థంలో శిరోధార్యం.