పట్టినంత మాత్రాన పొసగదు

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ ఒకటి పగలంతా నిలిచి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతున్నా ఆ నీడ జరగదు. ఇది మహిమ కాదు. స్తంభాలను, ద్వారాన్ని, వెలుతురు వచ్చే దారులను ఒకదానికొకటి లెక్కగా అమర్చిన నేర్పు. ఒక స్తంభాన్ని కాస్త అవతలకు జరిపి నిలిపినా కప్పు నిలవవచ్చు. నీడ మాత్రం అలాగే ఉంటుందని చెప్పలేం.

స్కూటరు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే భాగాల సంగతీ ఇంతే. వాటి కథ చెబుతాను, వినండి.

1972లో లక్నోలో ఏర్పడిన స్కూటర్స్ ఇండియా సంస్థ, ఇటలీలోని ఇన్నొసెంటీ కంపెనీ నుంచి లాంబ్రెట్టా స్కూటర్ల యంత్రసామగ్రిని కొన్నది. మన హైదరాబాదు ఆల్విన్ పేరుతో వచ్చిన పుష్పక్ స్కూటరు కూడా ఆ వంశానిదే. లాంబ్రెట్టా 150 ఇంజనులో సిలిండరు వ్యాసం 57 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 58. వ్యాసాన్ని 62కు పెంచితే ఘనపరిమాణం ఎంతవుతుందో లెక్క వేసి చూడండి. 148 కాస్తా 175 ఘన సెంటీమీటర్లవుతుంది! పాత బండిని ముచ్చటపడి బాగు చేయించేవాళ్ళకు ఈ 'పెద్ద బోరు' మీద మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు.

కాని బోరు పెరిగితే పెట్రోలు, గాలి మిశ్రమం ఎక్కువ కాలుతుంది, వేడీ పెరుగుతుంది. ఆ మిశ్రమాన్ని ఏ క్షణాన అంటించాలన్నదే అసలు ప్రశ్న. పిస్టను పైకొసకు చేరాక కాదు, షాఫ్టు ఇంకా సుమారు 20 డిగ్రీలు తిరగవలసి ఉండగానే రవ్వ పడాలి. మంట వ్యాపించడానికి కొంత వ్యవధి కావాలి కదా! ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుంటే ఆ 20 డిగ్రీలకు పట్టే కాలం సెకనులో 1500వ వంతు. ఒక్క డిగ్రీ అంటే సెకనులో 30,000వ వంతు!

ఇంత సూక్ష్మమైన పనిని ఎవరు చేస్తున్నారు? పాత లాంబ్రెట్టాలో ఫ్లైవీలే. దాని అంచున అయస్కాంతాలు, బొడ్డులో క్యాము ఉంటాయి. అయస్కాంతాలు కాయిళ్ళ ముందు నుంచి పోతూ కరెంటు పుట్టిస్తే, సరైన క్షణంలో క్యాము పాయింట్లను విడదీస్తుంది. అప్పుడు ప్లగ్గులో రవ్వ ఎగురుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషనులో పాయింట్లుండవు. పికప్ కాయిలు సైగ చేస్తే పెట్టెలోని కండెన్సరు తనలో నిలవ ఉన్న కరెంటును ఒక్కసారిగా వదులుతుంది. కాబట్టి దాని ఫ్లైవీలు వేరు, కాయిళ్ళ పళ్ళెం వేరు, పెట్టె వేరు.

షెడ్డులో ఏం జరుగుతుందంటే, ఒక బండి ఫ్లైవీలు మరో బండి షాఫ్టు మీద చక్కగా కూర్చుంటుంది. నట్టు బిగుస్తుంది. ఇంజను స్టార్టవుతుంది కూడా! కాని షాఫ్టు మీది కీ గాడికీ, అయస్కాంతాలకూ మధ్య ఉన్న కోణం వేరైతే రవ్వ ముందుగానో ఆలస్యంగానో పడుతుంది. ఆలస్యమైతే బలం తగ్గి సైలెన్సరు కాలిపోతుంటుంది. ముందైతే ఇంకా ప్రమాదం. పైకి వస్తున్న పిస్టనును మంట ఎదురుగా మోదుతుంది. పిస్టను అల్యూమినియంతో చేసినది, శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. పిస్టను నెత్తికి చిల్లు పడవచ్చు, లేదా వ్యాకోచించి సిలిండరును పట్టేయవచ్చు. లారీల మధ్య పోతుండగా ఇంజను పట్టేసి వెనుక చక్రం ఆగిపోతే ఏమవుతుందో ఊహించండి.

ఒకదానికి బదులు మరొకటి అమర్చి బండిని నడిపించే మన మెకానిక్కుల తెలివి తక్కువది కాదు. సీటుకూ స్టాండుకూ అది చాలు. ఇగ్నిషనుకు చాలదు. ఫ్లైవీలు, కాయిళ్ళ పళ్ళెం, పెట్టె ఒకే జతవి కావాలి. ప్లగ్గు కూడా కొత్త వేడికి తగినది, తగిన పొడవుది కావాలి. బోరు కిట్టుకు డబ్బుండి, టైమింగు చూడటానికి ఓపిక లేకపోతే 148తోనే తిరగడం మేలని నా అభిప్రాయం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజనును ఇలా ఇష్టం వచ్చినట్లు మార్చడానికి వీల్లేదన్న మాట కూడా మీ అన్నయ్యలకు చెప్పండి.

టైమింగు చూడటం బ్రహ్మవిద్యేమీ కాదు. మీ జామెట్రీ పెట్టెలోని కోణమానిని లాంటి గుండ్రటి డిగ్రీ బిళ్ళతో పిస్టను పైకొసను కనిపెట్టి, రవ్వ పడవలసిన చోట ఫ్లైవీలు మీద ఒక గీత, దానికెదురుగా ఇంజను మీద ఒక గీత గీస్తారు. తర్వాత రవ్వ పడినప్పుడల్లా మెరిసే దీపాన్ని దాని మీద పట్టుకుంటారు. ఈసారి షెడ్డులో ఆ దీపం కనబడితే అడిగి చూడండి. ఫ్లైవీలు గిర్రున తిరుగుతున్నా గీత నిలిచిపోయినట్లు కనిపిస్తుంది. రెండు గీతలూ ఎదురెదురుగా ఉన్నాయో లేదో చేతులు దూరంగా ఉంచి చూడండి.