వెనకడుగుకూ ఏర్పాటు కావాలి

వెబ్‌సైటు చూసుకునేవారికి తరచూ కనిపించే ఎర్ర చుక్క ఒకటుంది. కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకోమని అది చెబుతుంది. నొక్కితే రెండు నిమిషాల పని. చాలాసార్లు ఏ గొడవా ఉండదు. గొడవ వచ్చిన రోజున మాత్రం సైటు తెరిస్తే తెల్లటి తెర తప్ప మరేమీ ఉండదు. లేదా బొమ్మలు ఒక పక్కకీ అక్షరాలు ఒక పక్కకీ ఒరిగిపోతాయి. ఒక్కోసారి అన్నీ బాగానే ఉండి, డబ్బు కట్టే బటన్ ఒక్కటే మాయమవుతుంది. అప్పుడు అందరూ అనే మాట ఒకటే: ‘నిన్నటిదే పెట్టెయ్యరాదూ?’

న్యాయమైన కోరికే. 2003 మే 27న తొలి వెర్షన్ వెలువడిన వర్డ్‌ప్రెస్‌నే తీసుకుందాం. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పదింట నాలుగుకు పైగా దాని మీదే నడుస్తున్నాయి. తెలుగువారి సాహిత్య పత్రికలు, గుడి ట్రస్టులు, పూర్వ విద్యార్థుల సంఘాలు, అమెరికాకు పచ్చళ్లు పంపే దుకాణాలు ఎన్నో ఆ కోవలోవే. వాటిలో చాలావాటికి ప్రత్యేకించి సాంకేతిక సిబ్బంది ఉండరు. సంపాదకుడి మేనల్లుడో, కార్యదర్శి గారి అమ్మాయో ఆదివారం పూట తీరిక చేసుకుని చూస్తుంటారు. పాత వెర్షన్లను వర్డ్‌ప్రెస్ వాళ్లే తమ సైటులో వరసగా పెట్టి ఉంచారు, కావలసినది దించుకోవచ్చు. ప్రధానంగా ప్రోగ్రాము ఉండే రెండు ఫోల్డర్లను తీసేసి వాటి చోట పాతవి పెట్టాలి. పైన పైన కాపీ చేస్తే కొత్త ఫైళ్లు కొన్ని మిగిలిపోయి తంటా తెస్తాయి. మన బొమ్మలు, థీములు, ప్లగిన్లు ఉండే ఫోల్డరునూ, పాస్‌వర్డ్‌లున్న కాన్ఫిగ్ ఫైలునూ ముట్టుకోకూడదు. చెప్పుకోవడానికి ఇంతే.

చిక్కు ప్రోగ్రాములో కన్నా డేటాబేస్‌లో ఎక్కువ. వ్యాసాలు, పాఠకుల ఉత్తరాలు, ఆర్డర్లు అన్నీ అక్కడే ఉంటాయి. పెద్ద అప్‌డేట్ తర్వాత కొత్త వెర్షన్ అక్కడి పట్టికలను తనకు కావలసినట్టు సర్దుకుంటుంది, సర్దినట్టు గుర్తుగా ఒక అంకె రాసుకుంటుంది. ముందుకు సర్దడం దానికి వచ్చు. వెనక్కి సర్దడం ఎవరూ నేర్పలేదు. మార్పు చిన్నదైతే పాత ప్రోగ్రాము దాంతో ఎలాగో నెట్టుకొస్తుంది. పెద్దదైతే అప్‌డేట్‌కు ముందు తీసిన డేటాబేస్ కాపీని కూడా తిరిగి పెట్టక తప్పదు.

ఒక పచ్చళ్ల దుకాణం ఉందనుకుందాం. ఎండాకాలం, కొత్తావకాయ రోజులు. ఆదివారం రాత్రి అప్‌డేట్ చేశారు. సోమ, మంగళవారాలు గడిచాక బుధవారం లెక్క చూసుకుంటే, డాలస్‌కు వెళ్లే పార్శిళ్లకు కొరియర్ ఖర్చు సున్నా పడుతోంది. కంగారుగా ఆదివారం సాయంత్రం కాపీని తెచ్చి యథాతథంగా పెట్టేశారు. సైటు నిక్షేపంలా లేచింది. కానీ సోమవారం నుంచి వచ్చిన ఆర్డర్లు అందులో లేవు. డబ్బు మాత్రం బ్యాంకులో పడింది. ఎవరిది, ఎక్కడికి, గోంగూరా మాగాయా అన్నది సైటుకు తెలియదు. పైపెచ్చు ఆర్డరు నంబర్లు మళ్లీ ఆదివారం ఆగినచోటి నుంచే మొదలవుతాయి. ఒకే నంబరు చెబుతూ ఇద్దరు ఫోన్ చేస్తే ఎవరికి సమాధానం చెప్పాలి?

తెలిసినవాళ్లు ఇలాంటి చోట ముందు సైటుకు ‘మరమ్మతు జరుగుతోంది’ అన్న బోర్డు తగిలిస్తారు. కొత్త ఆర్డర్లు ఆగుతాయి. తర్వాత ఆ చెడిపోయిన సైటుకే ఒక పూర్తి కాపీ తీస్తారు. పాడైనదానికి కాపీ ఏమిటని నవ్వొచ్చు. ఆ రెండు మూడు రోజులూ ఉన్నది అందులోనే మరి. ఆర్డర్లను విడిగా దించుకుని, పాతది నిలబెట్టాక వాటిని తిరిగి ఎక్కిస్తారు. ఏ వెర్షన్ వాడాలన్నది దుకాణదారు ఇష్టం. మధ్యలో నమోదైనవి కొన్నవాళ్లవి, రాసినవాళ్లవి. పత్రికల సైట్లలోనూ ఇంతే. బుధవారం ఉదయం ఒక పెద్దాయన ఓపిగ్గా టైపు చేసి పంపిన ఉత్తరం మన పాత కాపీలో ఉండదు. దాన్ని పోగొట్టే హక్కు సైటు నడిపేవారికి ఉందా అన్నది సాంకేతిక ప్రశ్న కాదు.

అందుకే తాత్సారం కూడా ఖరీదైనదే. చేసిన మార్పును వెనక్కి తీసుకోవడం చాలామందికి నామోషీ. ఇంకో గంట చూద్దాం, ఆ ప్లగిన్ మార్చి చూద్దాం అంటూ సాయంత్రమవుతుంది. గడిచే ప్రతి గంటకూ మధ్యలో నమోదయ్యేవి పెరుగుతూ ఉంటాయి. ఎంతసేపు చూడాలి, ఎవరు అంటే వెనక్కి రావాలి అన్నది బటన్ నొక్కకముందే అనుకుని ఉంటే, ఆ మాట అనేవాడికి మొహమాటం ఉండదు.

తెలుగు సైట్లకు ఇంకో బెడద ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. మనం ఒక్క అక్షరంగా చూసే ‘శ్రీ’లో నాలుగు సంకేతాలున్నాయి, అంటే పన్నెండు బైట్లు. డేటాబేస్ కాపీ తీసేటప్పుడో తిరిగి ఎక్కించేటప్పుడో లిపి అమరిక లాటిన్‌ది ఉండిపోతే ఆంగ్ల సైటులో ఎవరూ గమనించకపోవచ్చు. మన పేజీ మాత్రం ‘????’ అని కనిపిస్తుంది, లేదా పిచ్చి గీతలతో నిండిపోతుంది. పిచ్చి గీతలు చూసి భయపడతాం గానీ, నిజానికి అవే నయం. బైట్లు చాలావరకు లోపల అలాగే ఉంటాయి కాబట్టి ఓపికుంటే సరిచేయవచ్చు. డేటాబేస్‌లోకే ప్రశ్నార్థకాలు ఎక్కితే మాత్రం అక్షరం పోయినట్టే, మరో మంచి కాపీ ఉంటే తప్ప తిరిగి రాదు. కాపీ తీయగానే ఆ ఫైలు తెరిచి, లోపల తెలుగు తెలుగులాగే ఉందా అని ఒక్కసారి చూసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

కాపీ ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు రాత్రివేళ ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో అసలు డేటాబేస్ ఫోల్డరును తుడిచేశాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీయే మిగిలింది. రోజూ జరగాల్సిన బ్యాకప్ కోసం చూస్తే ఆ నిల్వ ఖాళీగా ఉంది. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, కాపీ తీసే పనిముట్టు 9.2 నాటిది. రెండింటికీ పొసగక ఆ పని విఫలమవుతూనే వచ్చింది, విఫలమైందని పంపిన ఈమెయిళ్లు కూడా చేరలేదు. ప్రమాదానికి ఆరు గంటల ముందు అదే ఇంజనీరు వేరే అవసరం కోసం తీసిన కాపీ ఒకటి వాళ్లను కాపాడింది. ఆ ఆరు గంటల్లో డేటాబేస్‌లో చేరినదంతా పోయింది. ఎక్కడ తప్పు జరిగిందో దాచకుండా, మరమ్మతు పనిని యూట్యూబ్‌లో అందరికీ చూపిస్తూ చేశారు. అంత నిబ్బరం అందరికీ ఉండదు.

వెనక్కి రావడమే కొంప ముంచిన ఉదంతం ఒకటి వెబ్‌సైట్ల బయట, అమెరికా షేర్ మార్కెట్లో ఉంది. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ సంస్థ తన ఎనిమిది సర్వర్లలో కొత్త ప్రోగ్రాముతో పని మొదలుపెట్టాలి. ఏడింటిలోనే దాన్ని వేశారు, ఒకటి మరిచారు. ఆ ఎనిమిదోదానిలో 2003లోనే వాడటం మానేసిన కోడ్ ఒకటి అలాగే పడి ఉంది. కొత్త ప్రోగ్రాముకు ఎంచుకున్న మీట, పూర్వం ఆ పాత కోడ్‌ను లేపిన మీటే. మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్ ఆపకుండా ఆర్డర్లు పంపసాగింది. లోపం కొత్త ప్రోగ్రాములో ఉందేమోనన్న కంగారులో, సరిగ్గా పనిచేస్తున్న ఏడింటి నుంచీ దాన్ని తీసేశారు. వాటిలోనూ పాత కోడే మిగిలింది, మీట మాత్రం వేసే ఉంది. దాంతో ఆ ఏడూ ఎనిమిదోదాని బాటే పట్టాయి. 45 నిమిషాల వ్యవహారానికి నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మార్కెట్ తెరవకముందే ఈ తేడా గురించి 97 ఈమెయిళ్లు సిబ్బందికి చేరాయి, వాటిని హెచ్చరికలుగా ఎవరూ చదవలేదు. పాతది అంటే నిన్నటిదేనా, అంతకు ముందుదా? దాని చుట్టూ ఉన్నవన్నీ కూడా నిన్నటిలాగే ఉన్నాయా? ఆ ఉదయం ఈ ప్రశ్న వేసుకునే తీరిక అక్కడ ఎవరికీ దొరకలేదు.

సైట్ల విషయంలో ఆ చుట్టూ ఉన్న వాటిలో ముఖ్యమైనది, వర్డ్‌ప్రెస్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ. హోస్టింగ్ వాళ్లు ఈ మధ్యలో దాన్ని 8వ తరానికి మార్చి ఉంటే, అంతకు మునుపటి వర్డ్‌ప్రెస్ దాని మీద మొరాయించవచ్చు. ఇంకొకటి, ఆటో అప్‌డేట్. దాన్ని ఆపకుండా పాత వెర్షన్ పెట్టి నిద్రపోతే, తెల్లారేసరికి సైటు తనంతట తాను మళ్లీ కొత్తదైపోవచ్చు.

పాతదాంట్లోనే ఉండిపోవడమూ క్షేమం కాదు. 4.7, 4.7.1 వెర్షన్లలో బయటివాళ్లు పేజీలను మార్చేయగల లొసుగును పూడుస్తూ వర్డ్‌ప్రెస్ 2017 జనవరి 26న 4.7.2 విడుదల చేసింది. జనం అప్‌డేట్ చేసుకునే వ్యవధి ఇచ్చి, లొసుగు సంగతి వారం తర్వాత బయటపెట్టింది. అప్పటికీ మారని సైట్లలో లక్షల పేజీలు చెడిపోయాయి. వెనక్కి వచ్చినవారు అక్కడ కాపురం పెట్టకుండా, సైటుకు నకలు ఒకటి తయారు చేసుకుని, తేడా ఏమిటో అందులో తేల్చుకుని మళ్లీ బయలుదేరాల్సిందే.

ఈ బాధలు చూసి సాఫ్ట్‌వేర్ కూడా కొంత నేర్చుకుంది. 2024 జులైలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.6, తనంతట అప్‌డేట్ అయిన ప్లగిన్ వల్ల సైటు కుప్పకూలితే పాత ప్లగిన్‌ను తానే తిరిగి పెట్టేస్తుంది. ఆదివారం పూట సైటు చూసే మేనల్లుళ్లకు ఇది పెద్ద ఊరటే. కాకపోతే అది పసిగట్టేది కుప్పకూలడాన్నే. కొరియర్ ఖర్చు సున్నా చూపించే ప్లగిన్, దాని లెక్కలో, చక్కగా పనిచేస్తున్న ప్లగినే.