ఆస్తి లేని వారసులు

భర్త రాసిన నోటుకు భార్య, తండ్రి చేసిన అప్పుకు కొడుకు తలవంచటమే పల్లెటూరి పరువని మన కథకులలో చాలామంది యీనాటికీ రాస్తున్నారు. పుస్తెలమ్మి షావుకారు బాకీ పైసాతో సహా కట్టిన వితంతువు ఆ కథలలో దేవత. ఆమె కట్టింది ఎవరి బాకీ అని మాత్రం కథకుడు అడగడు.

చట్టమైతే అడుగుతుంది. చనిపోయినవాని ఆస్తి ఎవరి చేతికి వచ్చిందో వారు, వచ్చినంత మేరకే, అతని అప్పుకు బాధ్యులు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్లు చెప్పేది యిదే. ఆకివీడు చుట్టుపట్ల వరిచేలలోనూ, కొల్లేటి అంచున చేపల చెరువులలోనూ భూమి ఒకరిది, చాకిరీ మరొకరిదిగా వున్నది చాలా చోట్ల. కౌలుదారు పోతే మిగిలేదేమిటి? చేను ఆసామిది. పంట మక్తాకు పోయింది. రైతు కాపురముండే యిల్లు, పనిముట్లు, సేద్యపు పశువులు జప్తుకు రావని అదే కోడ్ 60వ సెక్షన్ అంటున్నది. అనగా వసూలుకు మిగిలింది శూన్యం. అయినా పెద్దకర్మ కాకముందే షావుకారు గుమ్మంలోకి వస్తాడు. “అమ్మా, పాత నోటు మురిగిపోతుంది, తిరగరాయి” అంటాడు. మూడేళ్ళకు కాలదోషం పడుతుంది గనుక ఆయన తొందర ఆయనది. ఆమె వేలిముద్ర పడిందా, లేని ఆస్తికి బదులు వున్న మనిషి పూచీ అయింది. నిన్నటిదాకా పోయినవాని బాకీ, నేటినుంచి ఆమె సొంత బాకీ. దేవతను తయారుచేసేది ఆ కాగితం!

ధర్మం అంటారు. తండ్రి ఋణం కొడుకు వడ్డీతోను, తాత ఋణం మనుమడు అసలు మాత్రమూ తీర్చాలన్నారు స్మృతికారులు. తాగుడుకూ జూదానికీ చేసిన అప్పులను మినహాయించారు కూడా. వారి లెక్కలో తండ్రి పరలోకం ముఖ్యం. దానిని నిక్కమైన వేలంపాటగా స్థిరపరచింది లండనులోని ప్రీవీ కౌన్సిల్. 1874లో గిర్ధారీలాల్ కేసు, ఆ తరువాత బ్రిజ్ నారాయణ్ కేసు తీర్పులతో, తండ్రి బతికివుండగానే ఉమ్మడి భూమిలో కొడుకుల వాటాలు సైతం షావుకారు డిక్రీకి దొరికాయి.

ఆ దొరల సొంత దేశంలో సంగతి వేరు. ఒకటో ఎడ్వర్డు 1285లో చేసిన శాసనం కింద డిక్రీదారుకు బాకీదారు భూమిలో సగమే దక్కేది. అదీ బాకీ రాబట్టుకునేదాకా అనుభవించటానికే, అమ్ముకోవటానికి కాదు. బాకీదారు చనిపోతే, ముద్రవేసిన పత్రంలో వారసులను కూడా కట్టివేసి రాసివుంటే తప్ప వారసుని భూమి జోలికి పోవటానికి లేదు. వర్తకుల సంగతి అలా వుంచితే, మామూలు అప్పులకు ఆ భూమి బాధ్యం కావటానికి 1833 దాకా పట్టింది. ప్రభువుల పార్లమెంటు తమ ఎస్టేటులను అట్లా కాచుకుంటూనే, అమెరికా వలసలలో భూములనూ బానిసలనూ అప్పు కింద అమ్మించే చట్టం 1732లోనే చేసింది. మన రైతుకు అందింది వలసలకు వండిన న్యాయం.

మరి ఆస్తి? ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళికానివారికే. దేశమంతటా 2005లో వచ్చింది. కేవలం పుత్రధర్మం పేరు చెప్పి, ఆపైన చేసిన అప్పులకు కొడుకులనూ మనుమలనూ పట్టుకోరాదన్నదీ ఆ సవరణే. ధర్మాన్ని చట్టమే యింటికి పంపింది, కథలలో మాత్రం అది యింకా కొలువు చేస్తున్నది.

సర్కారు తీరూ చూడండి. 2004 జూన్ 1 నాటి 421వ జీవో, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయలన్నది. అందులో లక్ష కుటుంబానికి, 50,000 అప్పులవాళ్ళతో పరిష్కారానికి. ఆ లక్ష కొన్ని యిళ్ళకు వూపిరి అయిన మాట నిజమే. కాని ఆస్తి లేని కౌలుదారు అప్పుకు చట్టరీత్యా భార్యాబిడ్డలు బాధ్యులు కానప్పుడు, పోయిన ప్రాణానికి కట్టిన వెలలో మూడోవంతు షావుకారుకెందుకు?

ఎగవేత నేర్పుతారా అని ఉపాధ్యాయ మిత్రులు కొందరు అడుగుతారు. చేబదులిచ్చిన పక్కింటివాని సంగతి కాదు నేను చెప్పేది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి, తన కొట్టులోనే ఎరువు, తన కాటాకే ధాన్యం అని కట్టడిచేసి యిచ్చినవాడు నష్టభయాన్ని వడ్డీలోనే ముందుగా వసూలు చేసుకున్నాడు. ఆ నష్టం నిజంగా వచ్చిననాడు భరించవలసింది ఆయనే.

ఆకివీడు నుంచి ఏలూరు దాకా కాలేజీలలో కౌలుదార్ల పిల్లలు చదువుతున్నారు. షావుకారు నోటు తెచ్చిననాడు ఆ యింట చదువు వచ్చిన మనిషి చాలాసార్లు ఆ పిల్లే, తల్లికి వేలిముద్ర వేసే చోటు చూపేదీ ఆమే. ఆ పిల్లలకు మన ఉపాధ్యాయులు పాఠంతోపాటు యిదీ చెప్పాలి: ముందు పాత నోటు చూపమనండి, వెనకవైపు పడిన చెల్లులు లెక్కకట్టండి, అమ్మచేత మాత్రం ఏమీ రాయించకండి.